చెయ్యి తిమ్మిరి, ఎన్‌సీవీ టెస్టు, నరాల్లో కరెంటు: మోటార్ వైండింగ్ చేసేవాడి అనుభవం

ఎన్‌సీవీ టెస్టు అంటే నరాలు బాగున్నాయా లేదా అని చేతికి కరెంటు పెట్టి చూస్తారంట కదా, నొప్పి ఉంటాదా, ఎంతసేపు పడతాది అని మా లైన్లో వాళ్ళు శానామంది అడుగుతాండారు నన్ను. మోటార్ వైండింగ్ వాళ్ళు, టైలర్లు, మొన్న ఒక పరోటా మాస్టర్ కూడా. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకేసారి రాసేద్దామని కూర్చున్నా. కొంచెం పొడుగైతాది. నరం లోపల కరెంటు ఎట్ల పుడతాదో కూడా రాస్తా, ఎందుకంటే ముప్పై ఏండ్ల బట్టీ కరెంటుతోనే బతుకుతాండా గానీ నా ఒంట్లో కరెంటు గురించి నాకు ముక్క తెలీదు, తెలుసుకున్నాక నిద్ర పట్టలేదు, మంచి అర్థంలోనే చెప్తాండా.

నాది అనంతపురంలో వైండింగ్ షాపు. మన జిల్లా సంగతి తెలిసిందే, బోర్లు లోతు, వోల్టేజీ ఎప్పుడు ఎట్ల ఉంటాదో తెలీదు, ఎండాకాలం వస్తే కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు షాపు ముందర వరసగా పడుకోబెట్టి ఉంటాయి. మాది చేతిపని. కాయిల్ మిషన్ హ్యాండిల్ కుడిచేత్తో తిప్పుతాం, ఎడమచేత్తో వైరు పట్టుకుంటాం, తర్వాత స్టేటర్, అంటే మోటార్లో తిరక్కుండా ఉండే ఇనప భాగం, దాని స్లాట్లలోకి ఒక్కో పోగు దించాలి, ఇరుకు స్లాట్ అయితే మణికట్టు వంచి బొటనవేలితో నొక్కి నొక్కి దించాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా ఇదే.

మొదట్లో రాత్రిళ్ళు మాత్రమే ఉండేది. రెండు మూడు గంటలప్పుడు మెలకువ వస్తాది, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారిపోయి ఉంటాయి, లేచి కూర్చుని చెయ్యి విదిలిస్తే కాసేపటికి సర్దుకునేది. వయసు మీద పడింది, పట్టించుకోవద్దు అని మా ఆవిడకు చెప్పి మళ్ళీ పడుకునేవాణ్ణి. తర్వాత పగలు కూడా మొదలైంది, బండి నడిపేటప్పుడు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు. అసలు భయం ఎప్పుడు పట్టిందంటే, ఎనామిల్ వైరు, అంటే పైన ఇన్సులేషన్ పూత ఉండే రాగి వైరు, రెండు వేళ్ళ మధ్య జారనిచ్చి యాడన్నా గీటు పడిందా అని తడిమి చూస్తాం మేము, కంటికి కనపడని గీటు కూడా వేలికి తెలిసిపోతాది, అది తెలియడం ఆగిపోయింది. వైరు పట్టుకున్నట్టే ఉంటాది గానీ ఏం పట్టుకున్నానో తెలీదు. మా పనిలో వేళ్ళు పోతే అన్నీ పోయినట్టే.

మందుల షాపులో బీ12 మాత్రలు తెచ్చి మింగినా. తెలిసినాయన ఒకాయన మెడ నరం నొక్కుకుపోయింది, మెడకు పట్టీ వేసుకో అన్నాడు, అది కూడా వేసుకుని తిరిగినా. ఏం తేడా లేదు. చివరికి సాయినగర్ వైపు ఒక నరాల డాక్టర్ దగ్గరికి పోయినా.

ఆయన అడిగిన మొదటి ప్రశ్నే నాకు ఆశ్చర్యం. "చిటికెన వేలు ఎట్ల ఉందప్పా?" అన్నాడు. బాగానే ఉంది సార్ అన్నా. "ఉంగరం వేలు?" అన్నాడు. తిమ్మిరిగా ఉంది అన్నా. అప్పుడు పెన్ను మూతతో ఉంగరం వేలు రెండు పక్కలా మెల్లగా తాకినాడు. నడిమివేలి వైపు పక్క మొద్దు, చిటికెన వేలి వైపు పక్క మామూలు. ఒకే వేలు, సగం నిద్రపోయింది, సగం మేలుకుని ఉంది! ఇన్నాళ్ళూ నా వేలే, నేను ఎప్పుడూ గమనించలేదు. బొటనవేలి నుంచి ఉంగరం వేలు సగం దాకా మీడియన్ నరం, మిగతా సగం, చిటికెన వేలు అల్నార్ నరం, రెండు వేరే వేరే లైన్లు అని చెప్పినాడు. మీడియన్ నరం మణికట్టు దగ్గర తొమ్మిది కండరాల తాళ్ళతో కలిసి ఒక ఇరుకు సందులోంచి పోతాది, పైన గట్టి పట్టీ ఉంటాది, ఆ సందులో వాపొస్తే మొదట దెబ్బతినేది నరమే, కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. మణికట్టు మీద వేలితో తట్టినాడు, జివ్వుమని వేళ్ళదాకా పాకింది. రెండు చేతులూ కిందికి వంచి ఒక నిమిషం పట్టుకోమన్నాడు, నిమిషం కాకముందే తిమ్మిరి వచ్చేసింది. షుగరు, థైరాయిడ్ టెస్టులు రాసినాడు, ఆ రెండిట్లో ఏదున్నా ఇది వచ్చే అవకాశం ఎక్కువంట. దాంతోపాటు ఎన్‌సీవీ, ఈఎంజీ, అదే కండకు సూది గుచ్చి చేసే టెస్టు.

మా అక్క కూతురు ఎంబీబీఎస్ చదువుతాంది. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు ఉగ్గాని బజ్జీ తింటా ఈ కాగితం చూపించినా. "నరంలో కరెంటు పోయే స్పీడు కొలుస్తారు మామా" అనింది. నేను నవ్వినా. కరెంటు స్పీడు కొలిచేదేముంది, స్విచ్ వేస్తే యాడున్నా బల్బు వెలుగుతాది కదా, లైన్ బాగుందా లేదా అంటే కంటిన్యుటీ, అంటే యాడా తెగకుండా ఉందా అని చూస్తే సరిపోదా అన్నా. ఆ పిల్ల బజ్జీ పక్కన పెట్టి పేపర్ మీద గీయడం మొదలుపెట్టింది. అక్కడ నా తల తిరిగింది.

వైరులో ఎలక్ట్రాన్లు వైరు పొడవునా కదుల్తాయి. నరంలో అట్ల కాదంట. నరం పోగు అంటే ఉప్పునీళ్ళలో మునిగి ఉన్న సన్నటి గొట్టం, లోపల కూడా ఉప్పునీళ్ళే. కాకపోతే లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. సోడియం బయట పది రెట్ల పైన, పొటాషియం లోపల ముప్పై రెట్లు దాకా. ఈ తేడా ఊరికే రాదు, గొట్టం గోడలో పంపులు ఉంటాయి, ఒక్కో విడతకు 3 సోడియం బయటికి తోసి 2 పొటాషియం లోపలికి తీసుకుంటాయి, దానికి ఒంట్లో ఏటీపీ, అంటే కణాలకు శక్తినిచ్చే సరుకు, ఖర్చవుతాది. ఆ పంపును కనిపెట్టిన డెన్మార్క్ ఆయన యెన్స్ స్కౌకు 1997లో నోబెల్ ఇచ్చినారంట, కనిపెట్టింది మాత్రం 1957లో. నలభై ఏండ్లు పట్టింది పాపం.

గోడలో ఎప్పుడూ తెరిచి ఉండే కొన్ని దారులు ఉంటాయి, వాటిలోంచి పొటాషియం కొంచెం కొంచెంగా బయటికి కారుతా ఉంటాది. పొటాషియం అంటే ప్లస్ ఛార్జి, అది బయటికి పోతే లోపల మైనస్ మిగుల్తాది. అట్ల లోపల సుమారు 70 మిల్లీవోల్టులు మైనస్‌లో కూర్చుని ఉంటాది, నువ్వు ఏమీ చెయ్యకుండా ఊరికే పడుకున్నా సరే. 70 మిల్లీవోల్టులా అని నేను తీసిపారేసినా, మా మల్టీమీటర్లో అది లెక్కలోకే రాదు. "గోడ మందం ఎంతో తెలుసా మామా, 7 నానోమీటర్లు" అనింది. అంటే మిల్లీమీటర్లో లక్షో వంతు కూడా లేదు. అప్పుడు లెక్క వేసినా, వోల్టేజీని మందంతో భాగిస్తే మీటరుకు కోటి వోల్టులు! గాలిలో స్పార్క్ కొట్టాలంటే మీటరుకు 30 లక్షల వోల్టులు చాలు. ఇన్సులేషన్ మీద పడే ఒత్తిడి అంటే మా వాళ్ళకి తెలుసు, ఎనామిల్ యాడ పంక్చర్ అవుతాదో అని రోజూ చూసేది అదే, మరి ఒంట్లో ప్రతి నరం గోడా ఇంత ఒత్తిడిని మోస్తా ఉందా అని నమ్మబుద్ధి కాలేదు. రెండోసారి వేసినా అదే లెక్క వచ్చింది.

ఇప్పుడు సిగ్నల్ ఎట్ల పుడతాదంటే. గోడలో ఇంకో రకం గేట్లు ఉంటాయి, వోల్టేజీని బట్టి తెరుచుకునేవి. ఏదో ఒకటి తాకి, ఒత్తి, లేదా పక్క నరం కదిలించి లోపలి వోల్టేజీ మైనస్ 70 నుంచి మైనస్ 55 దాకా వచ్చిందనుకో, సోడియం గేట్లు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. సోడియం లోపలికి తోసుకొస్తాది, దాంతో వోల్టేజీ ఇంకా పెరుగుతాది, దాంతో ఇంకొన్ని గేట్లు తెరుచుకుంటాయి, ఇంక ఆపేవాడు లేడు, కళ్ళు మూసి తెరిచే లోపల, కాదు కాదు దానికంటే శానా ముందే, లోపల ప్లస్ 30, 40 మిల్లీవోల్టులు అయిపోతాది. అక్కడికి రాగానే సోడియం గేట్లు వాటంతట అవే లాక్ అయిపోతాయి, నిదానంగా తెరుచుకునే పొటాషియం గేట్లు అప్పటికి తెరుచుకుని పొటాషియం బయటికి పోతాది, లోపల మళ్ళీ మైనస్. మొత్తం కథ ఒకటి రెండు మిల్లీసెకన్లలో అయిపోతాది. మైనస్ 55 దాకా రాకపోతే ఏమీ జరగదు, దాటితే పూర్తిగా జరుగుతాది, సగం సిగ్నల్ అనేది లేదు. గట్టిగా గిల్లితే పెద్ద సిగ్నల్, మెల్లగా గిల్లితే చిన్న సిగ్నల్ అని ఉండదు, గట్టిగా గిల్లితే ఎక్కువసార్లు, ఎక్కువ పోగుల్లో పుడతాది, అంతే తేడా.

ఒక చోట ఇట్ల ప్లస్ అయితే ఆ పక్కన ఉన్న చోటు కూడా మైనస్ 55 దాటుతాది, అక్కడా గేట్లు తెరుచుకుంటాయి, ఆ పక్కన, ఆ పక్కన. అయాన్లు, అంటే ఛార్జి ఉన్న ఈ సోడియం, పొటాషియం, గోడకు అడ్డంగా లోపలికీ బయటికీ పోతాయి, సిగ్నల్ మాత్రం పొడవునా నడుస్తాది. వెనక్కి ఎందుకు రాదు అని అడిగినా. వెనక గేట్లు అప్పుడే లాక్ అయి ఉంటాయి కదా మామా, మళ్ళీ తెరుచుకోవడానికి ఒక మిల్లీసెకను అయినా కావాలి, ఆ లోపల సిగ్నల్ ముందుకు పోయి ఉంటాది అనింది.

అప్పుడు నాకు వెలిగింది. రాగి వైరు కరెంటును మోస్తాది, యాడో తయారైంది ఇక్కడికి తెస్తాది, దారిలో వోల్టేజీ డ్రాప్ అవుతాది, అందుకే దూరం బోరుకు లావు కేబుల్ వేస్తాం. నరం మోయదు, అడుగడుగునా కొత్తగా తయారు చేస్తాది. అందుకే వెన్నులో పుట్టింది కాలి బొటనవేలి దాకా పోయినా ఒక్క మిల్లీవోల్టు డ్రాప్ ఉండదు. అందుకే నిదానం కూడా. చేతిలో లావు పోగుల్లో సెకనుకు 50, 60 మీటర్లు. అనంతపురం నుంచి బెంగళూరు పోవాలంటే నరం సిగ్నల్‌కు ఇంచుమించు గంట పడతాది. అందుకే స్పీడు కొలవచ్చు, కొలిస్తే రోగం తెలుస్తాది.

సన్న పోగుల్లో ఇంకా నిదానం, సెకనుకు మీటరో రెండో. మంట, మొండి నొప్పి తెచ్చేవి అవే. కాలి వేలు గడపకు తగిలినప్పుడు తగిలిన సంగతి ముందు తెలుస్తాది, ఒక్క క్షణం ఆగి నొప్పి వస్తాది చూడండి, "అబ్బా" అనడానికి టైమిచ్చి మరీ వస్తాది, అది ఈ లెక్కే. లావు పోగులకు మయలిన్ అని కొవ్వు చుట్ట ఉంటాది, నిజంగానే పొరలు పొరలుగా చుట్టి ఉంటాదంట, ఒక మిల్లీమీటరుకో అటూ ఇటుగానో చిన్న ఖాళీ వదిలి మళ్ళీ చుట్ట. సోడియం గేట్లు దాదాపు అన్నీ ఆ ఖాళీల్లోనే ఉంటాయి. సిగ్నల్ ఖాళీ నుంచి ఖాళీకి దూకుతా పోతాది, అందుకే ఆ స్పీడు. మణికట్టు సందులో నరం నలిగితే మొదట పోయేది ఈ చుట్టే. చుట్ట పోయిన చోట సిగ్నల్ నిదానిస్తాది, మరీ నలిగితే అక్కడే ఆగిపోతాది. అంటే నా రోగం ఇన్సులేషన్ ఫెయిల్యూర్! మా వృత్తి రోగమే నాకు వచ్చింది.

ఇంక టెస్టు రోజు. ముందే చెప్తాండా, చేతికి నూనె, క్రీము ఏమీ రాసుకోకుండా పోండి, పట్టీలు అంటుకోవు. ఉంగరాలు, వాచీ ఇంట్లో పెట్టిపోండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందుగానే చెప్పండి. ఏసీ రూములో కూర్చోబెట్టినారు, టెక్నీషియన్ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "చల్లగా ఉంది అన్నా, వేడినీళ్ళలో కాసేపు పెట్టుకోండి" అనింది. చెయ్యి చల్లగా ఉంటే గేట్లు నిదానిస్తాయి, డిగ్రీకి సెకనుకు సుమారు రెండు మీటర్లు తక్కువ చూపిస్తాది, లేని రోగం ఉన్నట్టు కనపడతాదంట. ఇది నాకు నచ్చింది, కొలిచే ముందు ఇంత జాగ్రత్త మా లైన్లో కూడా ఉంటే బాగుండు.

బొటనవేలి కింద కండ మీద ఒక ఎలక్ట్రోడు, వేలి కీలు మీద ఒకటి, చెయ్యి వెనక ఎర్తింగ్ పట్టీ. ఎర్తింగ్ అనగానే నాకు హుషారు వచ్చింది. గదిలో ఫ్యాను ఆపేసినారు, నా ఫోన్ దూరంగా పెట్టమన్నారు, ఎందుకంటే వేలి నుంచి వచ్చే స్పర్శ సిగ్నల్ మైక్రోవోల్టుల్లో ఉంటాది, గోడలో వైర్ల 50 హెర్ట్జ్ గోల దానికంటే పెద్దది. ఎర్తింగ్ పట్టీ సరిగ్గా అంటుకోకపోతే స్క్రీన్ మీద లావు గీత ఒకటే ఊగుతా ఉంటాది, నా చేతికి మొదట అట్లే ఊగింది, జెల్ ఇంకొంచెం పూసి నొక్కితే సన్నబడింది.

తర్వాత రెండు మొనలున్న ప్రోబ్ మణికట్టు మీద ఆనించి "కొడ్తాండా అన్నా" అనింది. టప్. బొటనవేలు దానంతట అదే ఎగిరింది. నేను ఎగరెయ్యలేదు, నా వేలే, నా మాట వినకుండా ఎగిరింది. వింతగా ఉంది. నొప్పి అని చెప్పలేను, చురుక్కుమని ఒక జర్కు. మెల్లమెల్లగా కరెంటు పెంచుకుంటా పోయింది, స్క్రీన్ మీద కొండ లాగా లేచే గీత కూడా పెరుగుతా పోయింది. ఒక్కో పోగు సగం పలకదు, పలికితే పూర్తిగా పలుకుతాది కదా, కరెంటు పెంచే కొద్దీ ఎక్కువ పోగులు పలుకుతాయి, కొండ పెరుగుతాది. ఒకచోట పెంచినా కొండ పెరగడం ఆగిపోయింది. అంటే అన్ని పోగులూ పలికేసినాయి, ఇంక కొత్తగా పలికేది లేదు. పేపర్ మీద ఆ పిల్ల గీసింది కళ్ళ ముందర జరుగుతా ఉంటే, నిజం చెప్తాండా, తిమ్మిరి సంగతి మర్చిపోయినా.

అప్పుడే స్క్రీన్ మూలలో అంకె చూసినా. 30 మిల్లీయాంప్స్! మన ఇండ్లలో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే కట్ చేసే స్విచ్) ట్రిప్ అయ్యేది 30కే, అంతకంటే ఎక్కువ ఒంట్లో పోతే ప్రాణాల మీదికి వస్తాదని. అమ్మా ఇదేందమ్మా అన్నా. ఆ అమ్మాయికి ఇట్లాంటి ప్రశ్న అడిగినోడు లేడేమో, లోపలి నుంచి డాక్టర్ సారే వచ్చి చెప్పినాడు. ఈ కరెంటు ఉండేది 0.2 మిల్లీసెకన్లు, మెయిన్స్‌లో, అదే ఇంటి కరెంటులో, ఒక్క సైకిలే 20 మిల్లీసెకన్లు. పైగా ఇది రెండు మొనల మధ్య రెండు మూడు సెంటీమీటర్లలోనే తిరిగి పోతాది, గుండె వైపు రాదు. మెయిన్స్ పట్టుకుంటే ఈ చేతి నుంచి ఆ చేతికో కాళ్ళకో ఛాతీ మీదుగా పోతాది, ఆగకుండా పోతాది. ఇంకోటి చెప్పినాడు, లైవ్ వైరు పిడికిట్లో పట్టుకున్నోడు వదల్లేడు, కరెంటు పట్టేసింది అంటాం కదా మనం. కరెంటుకు పట్టుకునే గుణం ఏమీ లేదు, సెకనుకు యాభై సైకిళ్ళు నరాలను పొడుస్తా ఉంటాది, కండరానికి సడలే టైము ఉండదు, పిడికిలి మూసే కండరాలు తెరిచే వాటికంటే బలం, అందుకే పిడికిలి బిగుసుకుపోతాది. అరచేత్తో కాకుండా చెయ్యి వెనక వైపుతో తాకి చూడమని మా గురువు నేర్పించినాడు, అది కూడా టెస్టర్ లేనప్పుడు దిక్కులేక. అసలు చేత్తో తాకనే వద్దు, అది వేరే సంగతి.

తర్వాత అదే నరాన్ని మోచేయి దగ్గర కొట్టింది, మణికట్టు నుంచి మోచేయి దాకా టేపుతో కొలిచింది, బట్టల షాపు టేపే. నా లెక్క ఇదీ: మణికట్టు దగ్గర కొడితే వేలు కండ కదలడానికి 6.1 మిల్లీసెకన్లు, మోచేయి దగ్గర కొడితే 10.4. తేడా 4.3. మధ్య దూరం 23 సెంటీమీటర్లు. భాగిస్తే సెకనుకు 53 మీటర్లు, ముంజేతిలో నరం శుభ్రంగా ఉంది. రెండు చోట్ల ఎందుకంటే నరం చివర కండరానికి సిగ్నల్ ఇచ్చేది కరెంటుతో కాదు, ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో, దానికి కొంత టైము పోతాది, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే ఆ టైము ఎగిరిపోయి ఉత్త నరం స్పీడు మిగుల్తాది. 1850 ప్రాంతంలోనే హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మనీ ఆయన కప్ప కాలి నరం మీద ఇదే తీసివేత చేసి సెకనుకు 27 మీటర్లు అని తేల్చినాడంట. ఆయన గురువు ముల్లర్ ఏమో నరం స్పీడు కొలవడం మనిషి వల్ల కాదు అని రాసి ఉన్నాడు. శిష్యుడు కొలిచేసినాడు.

రోగం ఉండేది ఆ 6.1లో. మణికట్టు నుంచి బొటనవేలి కండ దాకా బాగున్నోళ్ళకు 4.4 లోపల ఉండాలంట. చిటికెన వేలి నరం కూడా కొట్టి చూసినారు, 2.8, మచ్చ లేదు. స్పర్శ తీగల స్పీడు వేళ్ళ నుంచి మణికట్టు దాటేటప్పుడు 32, అది 50 దాకా ఉండాలి. ఎడమచెయ్యి కూడా కొంచెం తగ్గింది, అది నాకు తెలియనే తెలీదు.

ఇంకో చిత్రం. మణికట్టు దగ్గర కొట్టిన సిగ్నల్ వేలి వైపే కాదు, పైకి కూడా పోతాదంట. మామూలుగా సిగ్నల్ ఒక కొన నుంచి మొదలవుతాది కాబట్టి వెనక్కి రాదు, ఇక్కడ నడిమధ్యలో పొడిచినారు, రెండు పక్కలా గేట్లు లాక్ కాలేదు, రెండు పక్కలా పోతాది. పైకి పోయింది మెడ దగ్గర వెన్నులో ఉన్న నరం కణాల దాకా చేరి, వాటిలో కొన్ని తిరిగి పలికి మళ్ళీ కిందికి వస్తాది. స్క్రీన్ మీద మొదటి పెద్ద కొండ అయిపోయినాక, 28 మిల్లీసెకన్ల దగ్గర ఒక బుజ్జి అల. చెయ్యి నుంచి మెడ దాకా పోయి వెనక్కి వచ్చింది అది! ఎఫ్ వేవ్ అంటారు. అది బాగుంది కాబట్టి నీకు మెడలో తేడా ఉన్నట్టు కనపడలేదప్పా అన్నాడు సార్. నేను మెడ పట్టీ వేసుకుని ఉగాదికి ఫొటోలు కూడా దిగి ఉన్నా.

సూది టెస్టు, అదే ఈఎంజీ, అది మాత్రం నొప్పే, దాచిపెట్టేదేం లేదు. సన్న సూది బొటనవేలి కండలోకి గుచ్చుతారు, కరెంటు ఏమీ పెట్టరు, కండలో ఉండే కరెంటును స్పీకర్లో వినిపిస్తారు. చెయ్యి వదులుగా పెడితే నిశ్శబ్దం. మెల్లగా వేలు కదిలించమంటే టక్... టక్... టక్, గట్టిగా నొక్కితే అన్నీ కలిసిపోయి ఒకటే హోరు. వదులుగా పెట్టినప్పుడు కూడా చిటపట వినపడితే నరం తెగి కండ అనాథ అయినట్టు, నీకు వినపడలేదు, అంటే చుట్ట పోయింది గానీ లోపలి పోగు ఇంకా బతికే ఉంది, ఇప్పుడే చూసుకుంటే కోలుకుంటాది అన్నాడు. మొత్తం ముక్కాలు గంట, గంట పట్టింటాది.

రాత్రి ఆ పిల్లకు ఫోన్ చేసి అంతా చెప్పినా, నాకు ఆగలేదు. ఇదంతా ఎవరు కనిపెట్టినారు అంటే స్క్విడ్ కథ చెప్పింది. సముద్రంలో ఉండే, ఆక్టోపస్ లాంటి స్క్విడ్‌కు ఒక నరం పోగు అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు దాకా లావుంటాదంట, మాకు 22 గేజు వైరు 0.7 మిల్లీమీటర్లు, ఇంచుమించు అంత. మనిషి పోగు ఎంత లావైనా 20 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. స్క్విడ్‌ది లావు కాబట్టి 1939లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు దాని లోపలికి నిలువునా ఎలక్ట్రోడు దూర్చి వోల్టేజీ చూసినారు. అప్పటిదాకా అందరూ ఏమనుకునేవాళ్ళంటే, సిగ్నల్ పోయేటప్పుడు లోపలి మైనస్ సున్నా దాకా వచ్చి ఆగుతాదని. వీళ్ళకు సున్నా దాటి ప్లస్‌లోకి పోయింది. ఎందుకో తేల్చుకునే లోపల యుద్ధం వచ్చి పని ఆగిపోయింది. యుద్ధం అయినాక మళ్ళీ మొదలుపెట్టి, 1952లో సోడియం గేట్లు, పొటాషియం గేట్లు ఎట్ల పలుకుతాయో లెక్కలతో సహా రాసినారు, 1963లో నోబెల్ వచ్చింది. ఆ లెక్కలు వేసే టైములో కేంబ్రిడ్జి కంప్యూటర్ మార్పుల కోసం ఆపేసి ఉంటే హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల మిషన్ మీద వారాల తరబడి హ్యాండిల్ తిప్పి వేసినాడంట. కాయిల్ మిషన్ హ్యాండిల్ తిప్పే నాకు ఆయన మీద మస్తు గౌరవం కలిగింది. ఆయన మణికట్టు ఎట్ల ఉండేదో మరి.

మొదట స్ప్లింట్ ఇచ్చినారు, రాత్రిళ్ళు మణికట్టు వంగకుండా. నిద్రలో వంచుకుని పడుకుంటాం, సందు ఇంకా ఇరుకైతాది, అందుకే తిమ్మిరి రాత్రిళ్ళు ఎక్కువ. ఎడమచేతికి అదే సరిపోయింది. కుడిచెయ్యి మాత్రం సీజన్లో పని ఆపలేదు నేను, ఆపే పరిస్థితి లేదు, కాబట్టి తగ్గలేదు, చివరికి ఆపరేషన్ చేయించుకున్నా. మత్తు అరచేతికి మాత్రమే, లిగ్నోకెయిన్ ఇంజక్షన్. ఇచ్చేటప్పుడు బాగా మండింది, తర్వాత మొద్దు. ఆ మందు చేసేది ఏందో తెలుసా, నరం గోడలోంచి లోపలికి దూరి సోడియం గేట్లను లోపలి పక్క నుంచి మూసేస్తాది. గేటు తెరుచుకోకపోతే సిగ్నల్ లేదు, కత్తి కోస్తా ఉంటాది, కోసినట్టు వార్త పైకి పోదు. పన్ను డాక్టర్ ఇచ్చేది కూడా ఇదే. లాగుతున్నట్టు, ఒత్తుతున్నట్టు మాత్రం తెలుస్తాంది, సార్‌ను అడిగితే నొప్పి తెచ్చే సన్న పోగులు ముందు ఆగుతాయి, ఒత్తిడి తెలిపే లావు పోగులు అంత సులువుగా ఆగవు అన్నాడు. నేను పడుకుని ఇవన్నీ అడుగుతాంటే నర్సమ్మ "మాట్లాడకుండా పడుకోండి సార్" అని గదిమింది.

పైన పట్టీ కోసి సందు వెడల్పు చేసినారు, అంతే పని, సాయంత్రానికి ఇంటికి వచ్చేసినా. రాత్రి తిమ్మిరి ఆ వారంలోనే పోయింది. అరచెయ్యి కింద నొప్పి మాత్రం నెలల కొద్దీ ఉండింది, దాని గురించి ముందు ఎవరూ చెప్పరు, బండి బ్రేకు పట్టాలన్నా, సీసా మూత తిప్పాలన్నా నొప్పే. వేళ్ళలో స్పర్శ మెల్లగా వచ్చింది. పోయిన మయలిన్ చుట్ట మళ్ళీ వేసే కణాలు ఉంటాయి, ష్వాన్ కణాలు అంటారు, అవి వాటి టైములో అవి చుట్టుకుంటా పోతాయి, మనం తొందరపెడితే ఏం ఉపయోగం లేదు. కొత్త చుట్ట పాతదాని కంటే కొంచెం పలచనంట. కొన్ని నెలల తర్వాత మళ్ళీ టెస్టు చేస్తే 6.1 ఉండేది 4.6కి వచ్చింది. పూర్తిగా మామూలు కాదు, పనికి సరిపోతాది అన్నాడు సార్.

ఖర్చు ఆస్పత్రిని బట్టి మారుతాది కాబట్టి రాయడం లేదు, టెస్టుకు పోయే ముందు రెండు చోట్ల అడగండి. షుగరు ఉన్నోళ్ళు ఆ సంగతి తప్పకుండా చెప్పండి, వాళ్ళకు కాళ్ళ నరాలు కూడా చూడాల్సి వస్తాది. రిపోర్టులో పేజీల కొద్దీ అంకెలుంటాయి, భయపడొద్దు, లేటెన్సీ (సిగ్నల్ చేరే టైము), వెలాసిటీ (స్పీడు), యాంప్లిట్యూడ్ (కొండ ఎత్తు) అని మూడు ఉంటాయి. మొదటి రెండూ చుట్ట సంగతి చెప్తాయి, మూడోది లోపలి పోగులు ఎన్ని బతికి ఉన్నాయో చెప్తాది. మూడోది బాగా పడిపోయి ఉంటే లేటు చేయకుండా డాక్టర్‌ను పట్టుకోండి. నేను కాయిల్ మిషన్‌కు ఇప్పుడు చిన్న మోటార్ బిగించినా, స్లాట్లలో వైరు దించేది మా కుర్రాడు. ఎనామిల్ గీటు చూసేది మాత్రం ఇంకా నేనే, ఎడమచేత్తో.